అద్దం అవతల బిడ్డ

మా అక్క కూతురికి పోయిన ఏడాది ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పాప కిలోన్నర కూడా లేదు. క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి మా పిల్ల మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంది. పసిదాన్ని గుండెల మీద నిలువుగా, కప్పపిల్లలా అతికించి, పైనుంచి గుడ్డతో కట్టేశారు. నెత్తిన టోపీ, కింద డైపరు తప్ప పాప ఒంటి మీద ఇంకేం లేదు. "ఇదేమిటే, బాక్సులో పెట్టలేదా?" అన్నాను. "నాలుగు రోజులు పెట్టారు పిన్నీ. ఇప్పుడు నేనే బాక్సు. దీన్ని కంగారూ కేర్ అంటారట" అంది. పక్కనున్న నర్సమ్మ "కంగారు పడకుండా ఉండటమేనమ్మా కంగారూ కేర్" అని నవ్వింది. రోజుకి పదిమందికి చెప్పే మాటే అయ్యుంటుంది, అంత అలవాటుగా అంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. 2003లో మా పెద్దాడు కూడా ఎనిమిదో నెలలోనే పుట్టాడు. కిలో నాలుగొందలు. ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే బతకరు అనే పాడుమాట ఒకటి మనవాళ్లలో ఉందిగా, అది విననివాళ్లెవరు? పద్దెనిమిది రోజులు వాణ్ణి అద్దం అవతల నుంచే చూశాను. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. పాలు పిండి గిన్నెలో ఇస్తే లోపలికి తీసుకెళ్లేవారు. అప్పట్లో అదే పద్ధతి అనుకున్నాను. ఎప్పటి నుంచి పద్ధతి, ఎవరు పెట్టారు, ఎందుకు మారింది అన్న ప్రశ్నలు ఇరవై ఏళ్ల తర్వాత మా అక్క కూతురి మంచం పక్కన కూర్చుంటే పుట్టాయి. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, వైద్యం నాకు తెలిసింది కాదు. కానీ ఈ కథలో వైద్యం ఎంతుందో మనుషుల సంగతీ అంతే ఉంది. అందుకే వదలకుండా చదివాను.

అసలు ఈ బాక్సు కోడిపిల్లల దగ్గర మొదలైంది. పారిస్‌లో స్టెఫాన్ టార్నియే అనే కాన్పుల డాక్టరు జంతుప్రదర్శనశాలలో గుడ్లు పొదిగే యంత్రం చూసి, అలాంటిదే పసిపిల్లలకి చేయించాడు. 1880 ప్రాంతంలో అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో పెట్టారు. పిల్లలు బతకడం మొదలుపెట్టారు. ఆయన శిష్యుడు పియర్ బుడాన్ 1900లో రాసిన పుస్తకంలో ఇంకో సంగతి చెప్పాడు. బిడ్డని చూసుకునే పని లేకుండా దూరంగా ఉంచిన తల్లులకి ఆ బిడ్డ మీద ధ్యాస తగ్గిపోతోందని, కొందరు వదిలేసి వెళ్లిపోతున్నారని. తల్లులే దగ్గరుండి పాలివ్వాలని ఆయన పట్టుబట్టాడు. అంటే బాక్సు పుట్టిన ఇరవై ఏళ్లకే దానిలో లోపం ఒకరికి కనబడింది! కానీ పెట్టె అన్ని దేశాలకీ పాకింది గాని, ఆ మాట దానితో వెళ్లలేదు. అమెరికాలో మార్టిన్ కూనీ అనే ఆయన న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో 1903 నుంచి నలభై ఏళ్లపాటు బాక్సుల్లో పిల్లల్ని ప్రదర్శనకి పెట్టాడు. టిక్కెట్టు పాతిక సెంట్లు. మన జాతరలో జయింట్ వీల్ పక్కన పసిపిల్లల్ని పెట్టినట్టు ఊహించుకోండి. అసహ్యం వేస్తుంది. కానీ ఆ టిక్కెట్ల డబ్బుతోనే ఆ పిల్లల్ని పెంచాడు, తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదు. ఆసుపత్రులు పట్టించుకోని పిల్లలు చాలామంది అక్కడ బతికారు.

అప్పటికి డాక్టర్ల భయం అంతా సూక్ష్మక్రిముల మీద. ఆ భయం అబద్ధం కాదు. వార్డుల్లో పిల్లలు జబ్బులంటుకుని చచ్చిపోయేవారు. అందుకని ముట్టుకోవద్దు, ఎత్తుకోవద్దు, చూడటానికి రావద్దు. దానికి తోడు మనస్తత్వ శాస్త్రం వాళ్లు వచ్చారు. జాన్ వాట్సన్ అనే అమెరికా ఆయన 1928లో పిల్లల పెంపకం మీద పుస్తకం రాసి, పిల్లల్ని ముద్దుపెట్టుకోవద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే కరచాలనం చేస్తే చాలు అన్నాడు. ఆ మాట మా అత్తగారికి చదివి వినిపిస్తే "వాడికి తల్లి లేదా ఏంటి?" అంది.

ఇక్కడి నుంచి చదువుతుంటే నాకు అన్నం సయించలేదు. వియన్నాలో పుట్టిన రెనె స్పిట్జ్ అనే డాక్టరు రెండు చోట్ల పెరుగుతున్న పసిపిల్లల్ని పోల్చి చూశాడు. ఒకటి అనాథ శిశువుల ఆశ్రమం. శుభ్రానికి పెట్టింది పేరు, తిండికి లోటు లేదు, డాక్టర్లు రోజూ వస్తారు. కానీ ఎనిమిది మందికి పైగా పిల్లలకి ఒక్క ఆయా, మంచాల చుట్టూ దుప్పట్లు. రెండోది ఆడవాళ్ల జైలు. అక్కడ ఖైదీ తల్లులే తమ పిల్లల్ని పెంచుకుంటారు. 1945, 46లో ఆయన బయటపెట్టిన లెక్కలివి: ఆశ్రమంలో 91 మందిలో 34 మంది రెండేళ్లు నిండకుండా చనిపోయారు. బతికినవాళ్లలో చాలామందికి నడక రాలేదు, మాట రాలేదు. జైల్లో పిల్లలు గంతులేస్తున్నారు. ఆయన ఆ పిల్లల్ని సినిమా కూడా తీశాడు. ఈ పోలికలో తప్పులున్నాయని తర్వాతివాళ్లు చెప్పారు. నిజమే అయ్యుంటుంది. అయినా 34 మంది 34 మందే.

ఇంగ్లండులో ఆ రోజుల్లో కొన్ని ఆసుపత్రుల్లో బిడ్డని చేర్పిస్తే వారానికి ఒకసారి, ఆదివారం రెండు గంటలు చూడనిచ్చేవారు. తల్లి వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే నిమ్మళంగా ఉంటారని నర్సుల వాదన. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సామాజిక కార్యకర్త ఆ నిమ్మళాన్ని నమ్మలేదు. ఆయన జాన్ బౌల్బీ అనే డాక్టరు దగ్గర పనిచేసేవాడు. హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న లోరా అనే రెండేళ్ల పాపని 1952లో ఫిల్ము తీశాడు. పాప పెద్దగా ఏడవదు. ఏడుపు ఆపుకుంటూ ఉంటుంది, తల్లి వస్తే మొహం తిప్పుకుంటుంది. ఆ ఫిల్ము చూసి చాలామంది డాక్టర్లు ఆయన మీద మండిపడ్డారు. ఏడేళ్లు పట్టింది, 1959లో ప్లాట్ కమిటీ తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చు అని సిఫారసు చేయడానికి. మన పెద్దాసుపత్రుల్లో మంచం కింద చాప వేసుకుని పడుకునే అమ్మల్నీ అమ్మమ్మల్నీ చూసి విసుక్కుంటాం కదా, అది ఆ పిల్లలకి దొరకలేదు.

అదే కాలంలో అమెరికాలో హ్యారీ హార్లో కోతిపిల్లలకి రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనుప తీగల తల్లి, దాని దగ్గర పాలసీసా. ఇంకొకటి మెత్తటి గుడ్డ తల్లి, పాలు లేవు. పిల్లలు పాలు తాగడానికి తీగ తల్లి దగ్గరికి వెళ్లి, తాగగానే వచ్చి గుడ్డ తల్లిని కరుచుకునేవి. 1958లో ఆయన ఇది చెప్పేదాకా, పాలు ఇస్తుంది కాబట్టే బిడ్డకి తల్లి మీద ప్రేమ అని చాలామంది పండితుల సిద్ధాంతం. తర్వాత కోతిపిల్లల్ని నెలల తరబడి ఒంటరిగా బంధించి ఆయన చేసిన ప్రయోగాలు నేను సగంలో ఆపేశాను. అప్పట్లో అమెరికా లేబరేటరీలకి వెళ్లే ఆ జాతి కోతుల్లో చాలా భాగం మన దేశం నుంచి ఓడలకీ విమానాలకీ ఎక్కినవే. 1978లో మనవాళ్లు ఆ ఎగుమతి ఆపేశారు.

స్పర్శకి ఒంట్లో ఏం జరుగుతుందో ఎలుకలు చెప్పాయి. సాల్ షాన్‌బర్గ్ అనే ఆయన చూసిందేమిటంటే, ఎలుకపిల్లని తల్లి నుంచి విడదీస్తే దాని ఒంట్లో పెరుగుదల హార్మోను పడిపోతుంది. తడిపిన కుంచెతో, తల్లి నాకినట్టు గట్టిగా రుద్దితే మళ్లీ లేస్తుంది. 1986లో టిఫనీ ఫీల్డ్ ఆయనతో కలిసి నెలలు నిండని పిల్లల మీద చూసింది. రోజుకి మూడుసార్లు, పావుగంట చొప్పున, పది రోజులు ఒళ్లు నిమిరితే మిగతా పిల్లల కన్నా రోజుకి 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు, ఆరు రోజులు ముందే ఇంటికెళ్లారు.

ఇక మా పిల్ల గుండెల మీది పద్ధతి ఏ గొప్ప దేశంలోనూ పుట్టలేదు. కొలంబియాలోని బొగొటాలో పేదవాళ్ల ప్రసూతి ఆసుపత్రిలో బాక్సులు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురిని పెట్టేవారు. ఒకరి జబ్బు ఒకరికి. 1978లో ఎడ్గార్ రే అనే డాక్టరు తల్లుల్నే బాక్సులుగా వాడదామన్నాడు. లేమిలో పుట్టిన ఉపాయం కాబట్టి, బాక్సులు లేనివాళ్లకే అది అని చాలాకాలం అనుకున్నారు. బిడ్డ కుదుటపడ్డాకే గుండెల మీద వేయాలనీ అన్నారు. ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రుల్లో మూడు వేల పైచిలుకు పిల్లల మీద, పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద వేసి చూశారు. పాత పద్ధతిలో నూటికి దాదాపు పదహారు మంది పోతే, ఇందులో పన్నెండు మంది. తేడా తెలిసిపోయాక కొనసాగించడం న్యాయం కాదని పరిశోధనని ముందే ఆపేశారు. ఇది 2021లో అచ్చయింది.

మా వాడి సంగతికి వస్తాను. పద్దెనిమిది రోజుల తర్వాత తెనాలిలో మా పుట్టింటికి తీసుకొచ్చాం. మా అమ్మమ్మ "వాణ్ణి నా పొట్టమీద పడుకోబెట్టవే, వెచ్చ తగులుద్ది" అని చేతులు చాచింది. నేను ఇవ్వలేదు. "డాక్టరుగారు ఎవర్నీ ముట్టుకోవద్దన్నారు" అన్నాను. డాక్టరుగారు అన్నది చేతులు కడుక్కోమని మాత్రమే. మిగతాది నేను కలిపాను. చదువుకున్నదాన్ని కదా. రెండు నెలలు ఆవిడ గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుని వాణ్ణి చూసింది. పెద్దవాళ్లకి అన్నీ తెలుసని ఇప్పుడు నేను అనను. ఇదే అమ్మమ్మ పసిపిల్లల ముక్కులో నూనె చుక్కలు వేసేది, అది ప్రమాదం. బాక్సు లేకపోతే మా వాడు లేడు, అదీ నిజమే. కానీ ఆ ఒక్క విషయంలో ఆవిడ అడిగింది సరైనది. నేను ఇవ్వలేదు. వాడికి ఆరేళ్లప్పుడు ఆవిడ పోయింది.

ఆ రోజు ఆసుపత్రిలో మా పిల్ల స్నానానికి వెళ్తూ "పిన్నీ, కాసేపు నువ్వు పెట్టుకుంటావా? ఇంట్లోవాళ్లు ఎవరైనా పెట్టుకోవచ్చట" అంది. నర్సమ్మ చేతులు కడిగించి, తెర లాగి, నా జాకెట్టు హుక్కులు తీయించి పాపని పడుకోబెట్టి కట్టింది. ముందు చల్లగా తగిలింది. కాసేపటికి ఎవరి వెచ్చదనం ఎవరిదో తెలియలేదు. మా పిల్ల స్నానం చేసి, టిఫిన్ తిని, ఫోన్ మాట్లాడి వచ్చి అడిగినా ఇవ్వబుద్ధి కాలేదు. ఇంకో పావుగంట ఉంచుకున్నాను.