సిడ్: బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడు

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎన్ని విడుదలలు వచ్చినా పేరు మారని విభాగం ఒకటుంది. అది 'సిడ్'. 1995 నాటి 'టాయ్ స్టోరీ' సినిమాలో బొమ్మల తలలు పీకి వేరేవాటికి అతికించే పక్కింటి పిల్లాడి పేరది. అప్పట్లో డెబియన్‌కు నాయకుడైన బ్రూస్ పెరెన్స్ ఆ సినిమా తీసిన పిక్సార్‌లోనే ఉద్యోగి మరి! 1996లో వచ్చిన 1.1 'బజ్' మొదలు విడుదలలన్నిటికీ 'టాయ్ స్టోరీ' సినిమాల్లోని పాత్రల పేర్లే.

కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ముందు సిడ్ చేతిలో పడుతుంది. కొన్నాళ్లు పెద్ద లోపాలేవీ బయటపడకపోతే 'టెస్టింగ్'కు వెళ్తుంది. ఆ టెస్టింగే ఒకనాటికి 'స్టేబుల్' అవుతుంది. సిడ్‌కు మాత్రం ఆ యోగం లేదు.

తికమకంతా 'స్టేబుల్' దగ్గరే. కూలిపోనిది అనుకుంటాం, ఇక్కడ దానర్థం మారనిది. 2023 జూన్‌లో 'బుక్‌వర్మ్'తో వచ్చిన పైథాన్ 3.11 ఆ విడుదలలో చివరిదాకా 3.11గానే ఉంటుంది, భద్రతా సవరణలు మాత్రం అందుతాయి. మన 'నిలకడ' దీనికి అతికినట్టు సరిపోతుంది. నిలకడ గల మనిషంటే తప్పే చేయడని కాదు, పూటకో మాట మార్చడని.

ఆఫీసు సర్వరుకు స్టేబులే పెట్టండి. పాడైతే మీరే బాగుచేసుకోగల ల్యాప్‌టాప్ ఉంటే టెస్టింగ్ చూడొచ్చు. కానీ భద్రతా సవరణలు టెస్టింగ్‌కు ఒక్కోసారి ఆలస్యంగా అందుతాయి.