వీధిబడి నుండి సెల్‌ఫోను బడికి

1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్, తన జిల్లాలోని 533 వీధిబడులను గూర్చి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపినాడు. అందులో 226 తెలుగు బడులు. పిల్లలు పద్యాలు గడగడ వల్లిస్తారు గాని అర్థ మెరుగరనీ, పుస్తకాల భాష వేరు, ఇంటి మాట వేరు అనీ ఆయన ఫిర్యాదు. అయితే ఒకదానిని మెచ్చుకున్నాడు: ఇసుకలో వ్రేలితో వ్రాయించుట, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించుట. ఈ పద్ధతినే ఆండ్రూ బెల్ అనే దొర మద్రాసులో చూచి, 1797లో లండనులో పుస్తకం అచ్చువేయించినాడు. మన వీధి అరుగుల చదువు సీమకు పోయినదన్నమాట!

ఇసుక పోయి పలక వచ్చింది, పలక పోయి తెర వచ్చింది. 2020 లాక్‌డౌనులో మన భివండిలో సాంచాలూ ఆగినవి, బడులూ మూతపడినవి. పాఠాలు ఫోనులో కెక్కినవి. ఇంటికి ఒకటే ఫోను, పిల్లలు ముగ్గురు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ, తెరమీద ఇంగ్లీషు. కాంబెల్ ఫిర్యాదు మళ్ళీ మొదటికి వచ్చినదేమో!

ఫోను చెప్పగలదు, ఎన్నిసార్లయినా చెప్పగలదు. బిడ్డకు తెలిసినదీ లేనిదీ ముఖం చూచి కనిపెట్టవలసినది మనిషే. కాబట్టి సంఘం సొమ్ముతో ఫోనులు కొనడానికి ముందు, పై తరగతి పిల్లలను సాయంకాలం ఒక గంట చిన్నవారి చెంత కూర్చోబెడదాము. విన్న పాఠాన్ని చిన్నవారు తెలుగులో తిరిగి చెప్పవలెను. పద్మనగరులో అట్టి అక్కలకూ అన్నలకూ కొదువ లేదు.