ఏడు వందల రూపాయల కర్మాగారం

మన పిల్లలు కాలేజీలో చేరగానే స్టార్టప్, ఇంక్యుబేషన్ సెంటర్, రీసెర్చ్ ప్రాజెక్ట్ అనే మాటలు వింటున్నారు. ఇవన్నీ నిన్నమొన్న అమెరికా నుంచి వచ్చినవని మనలో చాలామంది అనుకుంటాం. కానీ చదువు, పరిశోధన, పరిశ్రమ కలిసి నడిచిన కథ మన దేశంలో నూట ముప్పయ్యేళ్ల కిందటే ఉంది. స్వర్ణోత్సవ వేళ దాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాం.

ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1861లో, నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న రారులి గ్రామంలో పుట్టారు. ఎడిన్‌బరోలో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని 1888లో తిరిగి వచ్చారు. మరుసటి ఏడు కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో నెలకు రూ.250 జీతం మీద తాత్కాలిక ఉద్యోగంలో చేరారు. పట్టా చేతికి రాగానే యువకులు గుమాస్తా కొలువుల కోసం తిరగడం, మందులేమో సీమ నుంచి ఓడల్లో దిగడం ఆయనకు మింగుడుపడలేదు. 1892లో రూ.700 పెట్టుబడితో, తాను ఉంటున్న అప్పర్ సర్క్యులర్ రోడ్డు 91వ నంబరు ఇంట్లోనే మందుల తయారీ మొదలుపెట్టారు. అదే బెంగాల్ కెమికల్.

తొలిరోజులు అంత సాఫీగా సాగలేదు. ఫాస్ఫేట్ల కోసం కసాయి దుకాణాల నుంచి పశువుల ఎముకలు తెప్పించి మేడమీద ఆరబోశారు. అకాల వర్షానికి అవి తడిసి పురుగు పట్టాయి. కాకులు మూగాయి. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? ఎముకల బస్తాలను ఊరి బయటికి తరలించక తప్పలేదు. పగలు కాలేజీలో పాఠం, సాయంత్రం ఇంట్లో తయారీ. అలా నడిచింది ఆయన దినచర్య.

నష్టాలు డబ్బుతో పోలేదు. తోటి వైద్యులను ఒప్పించి ఈ స్వదేశీ మందులు రాయించిన మిత్రుడు డాక్టర్ అమూల్య చరణ్ బోస్ 1898లో ప్లేగుకు బలయ్యారు. ఎం.ఎ. చదివి వచ్చి చేయి కలిపిన సతీశ్ చంద్ర సిన్హా ప్రయోగశాలలో విషప్రమాదానికి గురై మరణించారు. రాయ్ ఒంటరివారయ్యారు, అయినా వదల్లేదు. 1901లో అది లిమిటెడ్ కంపెనీ అయింది. 1903లో చేరిన రసాయన శాస్త్ర పట్టభద్రుడు రాజశేఖర్ బోస్ దాన్ని దశాబ్దాల పాటు నడిపించారు.

పరిశ్రమలో పడి పరిశోధన మరిచారా అంటే, అదీ లేదు. మెర్క్యురస్ నైట్రైట్ మీద ఆయన పేరు తెచ్చిన పరిశోధన 1896 నాటిది. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఆయన దగ్గర చదువుకున్నవారే. మరో శిష్యుడు జ్ఞాన్ చంద్ర ఘోష్ ఖరగ్‌పూర్ ఐఐటీకి తొలి డైరెక్టర్ అయ్యారు. అరవయ్యేళ్లు నిండాక రాయ్ తన జీతాన్ని కలకత్తా విశ్వవిద్యాలయానికే వదిలేసి, సైన్స్ కాలేజీలోని ఒక గదిలో శిష్యుల మధ్య బతికారు.

ఇలాంటి పట్టుదల మన తెలుగునాట కూడా ఉంది. 1926లో మచిలీపట్నంలో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ ప్రయోగశాల పరికరాలను ఇక్కడే తయారుచేసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది.

మిత్రులారా, మనం చదివిన రోజుల్లో బల్ల మీద మాస్టారు చేసి చూపితే మనం దూరం నుంచి చూసేవాళ్లం. గాజుసామాను పగులుతుందని బీరువాకు తాళం ఉండేది. ఆ జాగ్రత్తను తప్పుపట్టను. పగిలితే మళ్లీ కొనే డబ్బు బడికి ఉండేది కాదు. ఇప్పుడు మన సంఘం దగ్గర నాలుగు డబ్బులున్నాయి. స్వాగత తోరణం కట్టిద్దామా, ప్రయోగశాల బాగుచేయిద్దామా అని ఈ మధ్య చర్చ జరుగుతోంది. నా ఓటు ప్రయోగశాలకే. ఏటా కొంత సొమ్ము పగిలే గాజుకని పక్కన పెడదాం. తడిసిన ఎముకలను చూసి రాయ్ గారు ఆగిపోలేదు. మన పిల్లలకు పరీక్షనాళిక పగలగొట్టే అవకాశమైనా ఇవ్వాలి కదా!