కల్లు, తుపాకీ, లైసెన్సు: గోదావరి ప్రాంతంలో అబ్కారీ, ఆయుధ చట్టాల చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

మద్యాన్ని, ఆయుధాన్ని వలస ప్రభుత్వం లైసెన్సు అనే ఒకే సాధనంతో అదుపు చేసింది. అయితే మద్యం విషయంలో దాని దృష్టి రాబడి మీద, ఆయుధం విషయంలో అది ఎవరి చేతిలో ఉందన్న దాని మీద నిలిచింది. ఈ రెండూ కలిసే చోటును గురించి ఏ చట్టమూ ప్రత్యేకంగా ఆలోచించలేదు. 1879 నాటి రంప పితూరీ, 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటం ఆధారంగా ఈ చరిత్రను పరిశీలించి, స్వాతంత్ర్యానంతర చట్టాలలో ఆ దృష్టి ఎంతవరకు కొనసాగిందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: రంప పితూరీ, అబ్కారీ, చిగురుపన్ను, ఆయుధ చట్టం, మన్యం, లైసెన్సు, అల్లూరి సీతారామరాజు.

1. ఉపోద్ఘాతం

మద్యం వడ్డించే భోజనశాలలోకి తుపాకీతో ప్రవేశించవచ్చునా అన్న ప్రశ్న అమెరికా రాష్ట్రాల చట్టసభల్లో పలుమార్లు చర్చకు వచ్చింది. టెనెసీ రాష్ట్రం 2009లో దానిని అనుమతిస్తూ చట్టం చేసింది. అందులోని నిర్వచనం అస్పష్టంగా ఉందని న్యాయస్థానం కొట్టివేయగా, 2010లో మరో చట్టం చేసింది. టెక్సాస్ రాష్ట్రం ఒక లెక్కను పాటిస్తుంది. ఆదాయంలో 51 శాతం లేదా అంతకు మించి అక్కడే తాగే మద్యం అమ్మకం ద్వారా వచ్చే దుకాణంలోకి తుపాకీ తీసుకుపోరాదు. ఈ చట్టాల మంచిచెడ్డలు ఎలా ఉన్నా, వాటన్నిటికీ ఆధారమైన ప్రశ్న ఒక్కటే. ప్రమాదం మనిషిలో ఉందా, మనిషి ఉన్న చోటులో ఉందా?

మన ఆయుధ చట్టానికి మూలమైన 1878 చట్టంలో గానీ, దాని స్థానంలో వచ్చిన 1959 చట్టంలో గానీ కల్లు దుకాణం, సారా కొట్టు, బారు అన్న మాటలు లేవు. తుపాకులు కొద్దిమంది దగ్గరే ఉండడం ఇందుకు ఒక కారణం కావచ్చు. అది మాత్రమే సరిపోయే సమాధానం కాదు. ఆ చట్టాలు ఏ భయం నుంచి పుట్టాయో చూడాలి. అందుకు గోదావరి జిల్లా మన్యం ప్రాంతం తగిన క్షేత్రం. కల్లుకూ తుపాకీకీ సంబంధించిన పాలకుల నిర్ణయాలు అక్కడ ఒకే తరం ప్రజల అనుభవంలోకి వచ్చాయి.

2. చిగురుపన్ను నుంచి పితూరీ దాకా

రాజమహేంద్రవరానికి ఉత్తరాన ఉన్న రంప కొండసీమలో భూమి ముఠాదారుల అధీనంలో ఉండేది. వారిపైన రంప మన్సబుదారు. 1848లో ప్రభుత్వం కుదిర్చిన ఏర్పాటు ప్రకారం ముఠాదారులు మన్సబుదారుకు ఏటా 8,750 రూపాయలు చెల్లించాలి. ఆయన అంతటితో తృప్తి పడలేదు. కలపపైన, పశువుల మేతపైన, కల్లుపైన పన్నులు వేశాడు. కల్లుపై వేసినదే చిగురుపన్ను.

మన్యంలో కల్లు కేవలం మత్తు పదార్థం కాదు. జీలుగు, తాటి చెట్ల కల్లు కొన్ని నెలలపాటు ఆహారంలో భాగం. పండుగకు, పెళ్లికి, చావుకు, కొత్త పంటకు అది కావలసిందే. చెట్టు ఎవరిదో, గీసేదెవరో, ముందుగా ఎవరికి పోయాలో చెప్పే కట్టుబాట్లు ఊరికే ఉండేవి. తాగే చోటును, వేళను, తోడును నిర్ణయించినది ఆ కట్టుబాటే.

1870ల చివర కొత్త అబ్కారీ నిబంధనలు ఈ కొండలకు విస్తరించాయి. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని అవి మొదటిసారిగా నిషేధించాయి. కల్లు రాబడిని గుత్తకు ఇచ్చారు. మైదాన ప్రాంతం నుంచి గుత్తేదారుల మనుషులు వచ్చి పన్ను అడగసాగారు. చిగురుపన్నుకు తోడు అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా మొదలుపన్ను కూడా కట్టవలసి ఉంటుందన్న వార్తను మన్సబుదారు వ్యాపింపజేశాడు. పోలీసుల వసూళ్లు, పల్లపు వర్తకులు కోర్టుల ద్వారా తెచ్చుకున్న ఏకపక్ష డిక్రీలు అప్పటికే ప్రజలను వేధిస్తున్నాయి. 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరులో ఎఫ్.ఆర్. హెమింగ్‌వే పితూరీకి చూపిన కారణాలు ఇవే.

1879 మార్చిలో చోడవరం పరిసరాల్లో పోలీసులపై దాడులతో పితూరీ మొదలయింది. ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా గొలుగొండ కొండలకు, జూలైలో భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి, కారం తమ్మన్నదొర వంటివారు నాయకత్వం వహించారు. చంద్రయ్య మనుషులు అడ్డతీగల పోలీసు ఠాణాను తగులబెట్టారు. తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం మద్రాసు పదాతి దళాలతోపాటు హైదరాబాదు కంటింజెంటు దళాన్ని కూడా దించింది. 1880లో చంద్రయ్య, తమ్మన్నదొర చంపబడ్డారు. మన్సబుదారీ రద్దయింది.

ఇక్కడ దాడి జరిగిన స్థలం గమనించదగినది. ప్రజల కోపానికి మొదటి కారణం కల్లు పన్ను. వారు దాడి చేసింది ఠాణా మీద. పన్ను వసూలుకు అండగా నిలిచిన బలం, తుపాకులు ఉన్న చోటు అదే.

3. 1878 చట్టం: ఎవరి చేతిలో ఆయుధం?

రంప పితూరీకి ముందు సంవత్సరమే, లిట్టన్ ప్రభువు వైస్రాయిగా ఉన్న కాలంలో, ఆయుధ చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే ఎవరూ ఆయుధం ధరించి తిరగరాదన్నది అందులో ముఖ్య నిబంధన. ఆయుధాల నిర్వచనంలో తుపాకులు, కత్తులు, బల్లేలతోపాటు విల్లంబులు కూడా చేరాయి. మన్యం మనిషికి విల్లు వేటకు, పంట కాపలాకు ఉపయోగపడే పనిముట్టు. చట్టం దృష్టిలో దాని పేరు మారింది.

చట్టం కింద కొన్ని వర్గాలకు మినహాయింపులు లభించాయి. వాటిలో యూరోపియన్లకు జాతి ప్రాతిపదికన దక్కిన మినహాయింపు జాతీయోద్యమకాలమంతా విమర్శకు గురయింది. తాగి ఉన్న తెల్లదొర చేతిలోని తుపాకీ చట్టం కంట పడదు. తెలివిలో ఉన్న కొండరెడ్డి చేతిలోనిది పడుతుంది. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించిన ప్రాథమిక హక్కుల జాబితాలో, నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు చోటు చేసుకోవడానికి ఈ అవమానమే నేపథ్యం.

తాగి బహిరంగ స్థలంలో అల్లరి చేయడాన్ని వలస చట్టం పట్టించుకోకపోలేదు. 1860 నాటి భారత శిక్షా స్మృతి 510వ సెక్షను దానికి 24 గంటల వరకు సాధారణ ఖైదు లేదా 10 రూపాయల వరకు జరిమానా విధించింది. ఇది మద్యానికి సంబంధించిన శాంతిభద్రతల చట్టం. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం మద్యానికి సంబంధించిన రాబడి చట్టం. ఆయుధ చట్టం రాజ్యభద్రతకు సంబంధించినది. ఈ మూడూ వేర్వేరు దఫ్తరాలు. ఏటా అబ్కారీ పాటల్లో హెచ్చు పాడినవాడికి దక్కే కల్లు దుకాణం ఈ మూడింటి మధ్య ఖాళీలో ఉండిపోయింది.

4. 1922: మద్యవర్జనం, ఆయుధ సేకరణ

సహాయ నిరాకరణోద్యమ ప్రభావంతో సీతారామరాజు మన్యంలో మద్యం మానమని, ఖద్దరు కట్టమని, తగాదాలను పంచాయితీల్లో తీర్చుకోమని బోధించారు. అటవీ నిర్బంధాలు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో చేయించిన వెట్టిచాకిరి పోరాటానికి దారితీశాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై దాడి జరిగింది. మూడింటిలో కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు లభించాయి. తీసుకున్న ఆయుధాల వివరాన్ని రాజు ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేశారు.

ఈ రసీదును సాధారణంగా వీరుని ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం. ఆయుధ చట్టం నేపథ్యంలో దానికి మరో అర్థం కనిపిస్తుంది. ఎవరు ఆయుధం పట్టవచ్చునో కాగితం మీద రాసే అధికారం అంతవరకు ప్రభుత్వానిదే. రాజు అదే ఠాణాలో, అదే పుస్తకంలో తన పేరు రాశారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాలపై దాడి చేసేనాటికి ప్రభుత్వం ఆయుధాలను ముందే తప్పించింది. 1924 మే 7న రాజు కాల్చి చంపబడ్డారు.

డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో సబాల్టర్న్ స్టడీస్ తొలి సంపుటిలో ప్రచురించిన వ్యాసం గూడెం, రంప తిరుగుబాట్లను 1839 నుంచి 1924 వరకు ఒకే పరంపరగా చూసింది. ఆ పరంపరలో కల్లును 1879కి, తుపాకీని 1922కి కేటాయించి చదవడం మనకు అలవాటయింది. రెండింటినీ కలిపి చదివితే ఒక మార్పు స్పష్టమవుతుంది. 1879లో కల్లు గీసుకునే స్వేచ్ఛ కోసం ఆయుధం పట్టిన సమాజానికే, 1922లో కల్లు మానడమూ ఆయుధం పట్టడమూ ఒకే క్రమశిక్షణలో భాగాలని బోధించారు. ప్రభుత్వం రాబడికీ భద్రతకూ చెందిన రెండు ఫైళ్లుగా విడదీసినదాన్ని రాజు ఒకే నైతిక ప్రశ్నగా చూశారు. తుపాకీ పట్టే చేయి మత్తులో ఉండరాదన్న నియమం చట్టంలో లేదు. మన్యం ఉద్యమ బోధనలో అది అంతర్లీనంగా ఉంది.

5. స్వాతంత్ర్యానంతర చట్టాలు

రాజ్యాంగం 19(1)(బి) అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును ఇచ్చింది. ఆయుధానికీ స్థలానికీ సంబంధాన్ని గుర్తించిన మాట ఇది. 1959 ఆయుధ చట్టం విల్లంబుల వంటి ఆయుధాలకు అన్నిచోట్లా లైసెన్సు అడగలేదు. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలకే దానిని పరిమితం చేసింది. 1962 నియమావళిలో మూడవ నమూనా లైసెన్సు షరతుల్లో ఒక స్థల జాబితా ఉండేది. జిల్లా మేజిస్ట్రేటు ప్రత్యేక అనుమతి లేనిదే తిరునాళ్లకు, మతపరమైన ఊరేగింపులకు, ఇతర ప్రజా సమావేశాలకు, విద్యాసంస్థల ఆవరణలోకి ఆయుధం తీసుకుపోరాదని అవి చెప్పేవి. మద్యశాల ఆ జాబితాలో లేదు. 2019 సవరణ ఒకరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను 3 నుంచి 2కు తగ్గించింది. పెళ్లిళ్లు, వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరపడాన్ని 2 సంవత్సరాల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానాకు తగిన నేరంగా చేసింది.

మద్యం చట్టాల దారి వేరు. ప్రకాశం మంత్రివర్గం 1954లో మద్యనిషేధ వివాదంపై పడిపోయింది. 1968లో ఎక్సైజు చట్టం, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు వచ్చాయి. ఈ వాదోపవాదాలలో ప్రధానంగా వినిపించినవి రాబడి, కుటుంబ క్షేమం. ఆయుధం ప్రస్తావన వాటిలో కీలకం కాలేదు.

ఈ ఖాళీ ఎంత ప్రమాదకరమో 1999 ఏప్రిల్ చివరి రోజుల్లో ఢిల్లీలో తెలిసింది. లైసెన్సు లేకుండా మద్యం పోసిన భోజనశాలలో, మద్యం ఇవ్వడానికి నిరాకరించినందుకు జెస్సికా లాల్‌ను కాల్చి చంపారు. 2006లో హైకోర్టు విధించిన శిక్షను సుప్రీంకోర్టు 2010లో ఖాయం చేసింది. ఆ కేసు సాక్షులు ఎదురు తిరగడంపై దేశమంతటా చర్చ రేపింది. తుపాకీ ఆ గదిలోకి ఎలా రాగలిగిందన్న ప్రశ్నకు అంత చోటు దక్కలేదు.

మన చట్టానికి స్థలాన్ని, కాలాన్ని కలిపి ఆలోచించడం చేతకాదని దీని అర్థం కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996 సవరణ ద్వారా రెండు సెక్షన్లు చేరాయి. 134బి పోలింగు రోజున పోలింగు కేంద్రం పరిసరాల్లో ఆయుధంతో తిరగడాన్ని నిషేధిస్తుంది. 135సి పోలింగు ముగియడానికి ముందు 48 గంటలు మద్యం అమ్మకాన్ని, పంపిణీని ఆపుతుంది. లైసెన్సు ఉన్నవాడా, మంచివాడా అన్న విచారణ అక్కడ లేదు. ఆ చోట, ఆ వేళ రెండూ ఉండరాదు. ఓటుకు ఇచ్చిన ఈ రక్షణ సాధారణ దినాలలో మనిషికి ఎందుకు ఇవ్వకూడదన్నది ఆలోచించదగిన విషయం.

6. స్థల నియమానికి ఉన్న పరిమితి

స్థల నియమమే సర్వరోగ నివారిణి అని చెప్పడం తొందరపాటు అవుతుంది. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేతా పట్టణంలో, ఒక బారులో కూర్చున్న తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపారు. మిత్రుడు మాదసాని అలోక్, అడ్డుపడిన స్థానికుడు ఇయాన్ గ్రిలట్ గాయపడ్డారు. హంతకుడు జాతి దూషణ చేయగా బయటికి పంపేశారు. అతడు తుపాకీతో తిరిగి వచ్చాడు. చంపాలని నిశ్చయించుకున్నవాణ్ణి ద్వారం మీది పలక ఆపలేదు. నిశ్చయం లేని చోట, అప్పటికప్పుడు పుట్టిన కోపం ప్రాణం తీయకుండా ఆపడం వరకే స్థల నియమం పరిధి. ద్వేషానికి, ఆయుధం సులభంగా దొరకడానికి వేరే జవాబులు కావాలి.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి.

1. గోదావరి మన్యంలో అబ్కారీ చట్టం ఊరి కట్టుబాటును తొలగించి దాని స్థానంలో గుత్తేదారును నిలిపింది. తాగే చోటుపై ఉన్న సామాజిక అదుపు పోయింది. దానికి బదులుగా చట్టం ఇచ్చింది రాబడి లెక్క మాత్రమే.

2. 1878 ఆయుధ చట్టం ప్రమాదాన్ని మనిషి జాతిలో, విధేయతలో వెతికింది. 1959 తర్వాత జాతి భేదం లేదు. లైసెన్సుదారుని యోగ్యతే ప్రధానమన్న పద్ధతి మిగిలింది.

3. సీతారామరాజు మద్యవర్జన బోధనను, ఆయుధ సేకరణను విడివిడిగా కాక ఒకే కార్యక్రమంగా చదవవలసి ఉంది.

4. 1996 ఎన్నికల సవరణ స్థల, కాల నియమాలకు మన న్యాయవ్యవస్థలోనే ఉన్న నమూనా.

రంప పితూరీని అటవీ చరిత్రగా, గిరిజన చరిత్రగా ఇప్పటికే చాలామంది అధ్యయనం చేశారు. దానిని చట్టాల చరిత్రగా కూడా చదివితే, కల్లు పాక దగ్గర ఎవరు కాపలా ఉండాలన్న పాత ప్రశ్న నేటి బారు ద్వారం దగ్గర ఇంకా జవాబు కోసం నిలబడి ఉందని అర్థమవుతుంది.