పల్నాటి పాత పుస్తకాలు – ప్రామాణ్య విచారం

స్వాధ్యాయం విహితకర్మ. వేదంలో ఏ భాగం చదవాలో నిర్ణయించుకొనే శ్రమ అధ్యేతకు లేదు; స్వశాఖాధ్యయనం పరంపరాప్రాప్తం. లౌకిక గ్రంథాలకు అట్టి నియమం లేదు. నూరేళ్ల నాటి చరిత్ర పుస్తకమొకటి చేతికి వచ్చినప్పుడు దానిని చదవడం కాలవ్యయమా, జ్ఞానలాభమా అన్న నిర్ణయం పాఠకునిదే. ఈ నిర్ణయం తరచుగా రెండు అతివాదాల మధ్య చిక్కుకొంటున్నది. పాతది, పెద్దలు వ్రాసినది కనుక సర్వం ప్రమాణమనేది మొదటిది. పరదేశీయుడు పరభాషలో వ్రాసినది కనుక సర్వం త్యాజ్యమనేది రెండవది. రెండింటిలోనూ పక్షపాతమే కాని విచారం లేదు.

ఈ విచారానికి పల్నాటి సీమ తగిన క్షేత్రం. ఒకే చరిత్రను ఇక్కడ వీరవిద్యావంతులు గానం చేశారు, కవి ద్విపదలో రచించాడు, గ్రామకరణాలు కవిలెలలో వ్రాసుకొన్నారు, కుంఫిణీ వారి అనంతరం వచ్చిన ఆంగ్లాధికారులు సంకలనం చేశారు, శాసనపరిశోధకులు శిలలనుండి ఎత్తి వ్రాశారు. అంతేకాదు, ఆ చరిత్రలోని వీరులు నేటికీ ఆరాధ్యదైవాలు. కార్తికమాసంలో కారెంపూడి వీరులగుడి వద్ద జరిగే ఉత్సవాలకు వచ్చే భక్తునికి బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు పుస్తకంలోని పాత్రలు కారు. కనుక ఇక్కడ ఏ గ్రంథాన్ని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది కేవలం పండితుల చర్చ కాదు. భక్తిని స్పృశించే ప్రశ్న.

ఆప్తుడెవరు?

న్యాయశాస్త్రం ఆప్తుని ఉపదేశాన్నే శబ్దప్రమాణంగా అంగీకరించింది. ఆప్తుడెవరన్న ప్రశ్నకు భాష్యకారుడైన వాత్స్యాయనుడు చెప్పిన సమాధానం గమనింపదగినది. విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు ఇతరులకు తెలుపగోరేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమని కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. అంటే లౌకిక విషయాలలో ఆప్తత్వం జన్మనుబట్టి, మతాన్నిబట్టి, భాషనుబట్టి వచ్చేది కాదు. ఆ విషయం వక్తకు ఎలా తెలిసింది, తెలిసినది తెలిసినట్లు చెప్పాడా అన్న రెండు అంశాలపై ఆధారపడి ఉంటుంది.

దీనినుండి ఒక ముఖ్యమైన ఫలితం సిద్ధిస్తుంది. ఒకే గ్రంథకర్త ఒక వాక్యంలో ఆప్తుడు కావచ్చు, మరుసటి వాక్యంలో కాకపోవచ్చు. తాను చూచిన దేవాలయ ప్రాకారాన్ని వర్ణించినప్పుడు ప్రత్యక్షసాక్షి. ఆ ప్రాకారాన్ని ఎవరు, ఎప్పుడు కట్టించి ఉంటారో ఊహించినప్పుడు అనుమానకర్త. కనుక గ్రంథాన్ని మొత్తంగా ఆమోదించడమో, మొత్తంగా తిరస్కరించడమో శాస్త్రసమ్మతం కాదు. వాక్యం వాక్యంగా విచారించాలి.

కైఫీయతులు

పల్నాటి గ్రంథాలలో మొదట చెప్పవలసినవి కైఫీయతులు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ అంతకు ముందునుండే తన సహాయకులను ఊరూరికీ పంపి స్థానిక వృత్తాంతాలను సేకరింపజేశాడు. ఈ కార్యంలో ప్రధానులు తెలుగువారైన కావలి సోదరులు – వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో అల్పవయస్సులోనే గతించగా తమ్ములు పనిని కొనసాగించారు. 1821లో మెకంజీ మరణించిన అనంతరం జీర్ణమవుతున్న ఈ వృత్తాంతాలకు సి.పి. బ్రౌన్ ప్రతులు వ్రాయించాడు. గుంటూరు సీమ గ్రామ కైఫీయతులు నేడు ముద్రణలో లభిస్తున్నాయి.

కైఫీయతు తెరచిన పాఠకునికి ఆదిలోనే పురాణరాజులు, ముక్కంటి మహారాజు, నమ్మశక్యం కాని శకవర్షాలు ఎదురవుతాయి. ఇది కట్టుకథల సంపుటి అని అక్కడే మూసివేసేవారు అనేకులు. ఇక్కడ మీమాంసకుల అర్థవాద విభాగం ఉపకరిస్తుంది. అది వేదవాక్యాలను ఉద్దేశించి చేసినదే అయినా, సాదృశ్యంచేత లౌకిక వాక్యాలకూ దారి చూపుతుంది. ఇతర ప్రమాణంతో విరోధించేది గుణవాదం. ఇతర ప్రమాణంచేత ముందే తెలిసినదాన్ని తిరిగి చెప్పేది అనువాదం. విరోధమూ లేక, అన్యథా తెలియనిదీ అయినది భూతార్థవాదం.

శాసనాలతో పొసగని ఆదిరాజు కథను గుణవాదంగా గ్రహించాలి. అగ్రహారం అతిప్రాచీనమని స్తుతించడమే దాని తాత్పర్యం. ఆలయ ప్రాంగణంలోని శిలాశాసనాన్ని కైఫీయతు తిరిగి చెబితే అది అనువాదం. శిలను చూచి సరిపోల్చుకోవచ్చు. ఏ చెరువు ఏ దేవుని మాన్యానికి నీరిచ్చేది, ఏ గుడిలో అర్చన ఎప్పుడు ఆగి ఎప్పుడు పునఃప్రారంభమైంది వంటి, మరెక్కడా దొరకని సమాచారం భూతార్థవాదం. బాధకప్రమాణం కనిపించేవరకు దానిని అంగీకరించవచ్చు. ఈ మూడవ జాతి వాక్యాలకోసమే కైఫీయతులు అవశ్యపఠనీయాలు. దండకవిలెలు నశించిపోయిన గ్రామాలకు అవి తప్ప వేరు సాక్ష్యం లేదు.

ఆంగ్లాధికారుల సంకలనాలు

పల్నాడును గురించి పాత ఆంగ్లగ్రంథాలలో వెదకేవారు మొదట ఒక విషయం తెలుసుకోవాలి. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపారు; 1904లో మరల వేరు చేశారు. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4న మాత్రమే. కనుక 1880 ప్రాంతపు గ్రంథాలలో మాచర్ల, గురజాల వృత్తాంతాలు కృష్ణా జిల్లా క్రింద ఉంటాయి.

రాబర్ట్ సూయల్ 1882లో ప్రకటించిన మద్రాసు రాజధాని ప్రాచీనావశేషాల జాబితా తాలూకాల వారీగా, గ్రామాల వారీగా దేవాలయాలను, శాసనాలను పేర్కొంటుంది. దానిలో అధికభాగం గ్రామ, తాలూకా అధికారులు పంపిన నివేదికలనుండి కూర్చినది. ఆయన స్వయంగా చూచినది కొంత, విన్నది చాలా. అందువల్ల ఒక గ్రామంలో శాసనం ఉన్నదన్న వాక్యానికి విలువ ఎక్కువ. ఆ శాసనంలో ఏమున్నదో చెప్పే వాక్యానికి విలువ తక్కువ. శాసనపాఠం కావలసినవారు 1948లో వెలువడిన దక్షిణభారత శాసనాల పదవ సంపుటం వంటి గ్రంథాలను ఆశ్రయించాలి. సూయల్ జాబితా చూపుడువేలు వంటిది. అది చూపిన దిక్కుకు వెళ్లి చూడవలసిన పని పాఠకునిది.

గార్డన్ మెకంజీ 1883లో కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్ మరొకటి. ఇతడు కైఫీయతుల మెకంజీ కాడు. పేరు కలిసినందువల్ల ఇద్దరినీ ఒకరిగా భావించే పొరపాటు అక్కడక్కడ కనిపిస్తుంది. పరిపాలన, భూమిశిస్తు, 1832–33 నందన నామ సంవత్సరపు ఘోరక్షామం వంటి విషయాలలో ప్రభుత్వపు కాగితాలు చేతిలో ఉన్న అధికారి మాటకు బలం ఉన్నది. దేశాచారాలను, దేవతారాధనను గురించి పాలకుని దృష్టితో చేసిన వ్యాఖ్యలకు ఆ బలం లేదు. మొదటివి గ్రహించి రెండవవాటిని వదలిపెట్టగలిగినవారికి ఆ గ్రంథం పఠనీయమే.

వీరచరిత్ర: కావ్యమా, చరిత్రయా?

1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు పలనాటి వీరచరిత్రను సంస్కరించి, విపులమైన పీఠికతో ప్రకటించారు. శ్రీనాథకృతంగా ప్రసిద్ధమైన బాలచంద్ర యుద్ధభాగం తెలుగు పాఠకలోకానికి అందుబాటులోకి వచ్చినది ఆ కృషివల్లనే. కర్తృత్వ విషయంలో పండితులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చినా, గ్రంథసంరక్షణ విషయంలో ఆ ముద్రణ చేసిన ఉపకారం నిర్వివాదం.

దీనిని చరిత్రగా చదివేవారు కాలాన్ని గమనించాలి. పల్నాటి యుద్ధం పన్నెండవ శతాబ్ది చివరి భాగంలో జరిగినదని చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు. శ్రీనాథుడు పదిహేనవ శతాబ్ది కవి. నడుమ రెండు శతాబ్దాలకు పైగా ఎడం ఉన్నది. కనుక కవి యుద్ధానికి సాక్షి కాడు. యుద్ధాన్ని తన కాలపు పల్నాడు ఎలా స్మరించుకొంటున్నదో దానికి సాక్షి. ఉపక్రమోపసంహారాది లింగాలతో పరిశీలిస్తే కావ్యతాత్పర్యం వీరస్మరణమే కాని కాలనిర్ణయం కాదు. తాత్పర్యం లేని విషయంలో వాక్యాన్ని ప్రమాణంగా పట్టుకోవడం వాక్యానికే అపచారం.

నాయకురాలు నాగమ్మ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గానంలోను, కావ్యంలోను, 1947 నాటి పల్నాటి యుద్ధం చలనచిత్రంలోను కథ మాచర్ల పక్షాన నడుస్తుంది. గురజాల పక్షాన నిలిచి చెప్పిన కృతి ఏదీ ప్రసిద్ధిలో లేదు. దర్శనశాస్త్రాలలో చార్వాకమతం ఇంచుమించు దాని ఖండనకారుల గ్రంథాలనుండే తెలియవస్తున్నది. నాగమ్మ పూర్వపక్షం కూడా సిద్ధాంతి నోటనే వినిపిస్తున్నది. ఆ కాలంలో ఒక స్త్రీ రాజ్యతంత్రాన్ని నడిపినదన్న వాస్తవాన్ని ప్రతిపక్షమే ఒప్పుకొన్నది. విరోధి అంగీకరించిన గుణానికి ప్రామాణ్యం ఎక్కువ. విరోధి ఆరోపించిన దోషానికి ప్రామాణ్యం తక్కువ. ఇదే న్యాయాన్ని అనుసరిస్తే, బ్రహ్మనాయుని చాపకూడును గురించి, కన్నమదాసు సేనానాయకత్వాన్ని గురించి అతని పక్షం వారే చెప్పిన మాటలను కూడా స్తుతిభాగం వేరుచేసి చదవాలి. అయినా కులభేదం దాటిన సహపంక్తిని ఒక సీమ తన వీరుని పరమగుణంగా శతాబ్దాలపాటు గానం చేసిందన్నది కాదనలేని సత్యం.

1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి వెలువడిన జీన్ రోఘేర్ గ్రంథం ఈ గానసంప్రదాయాన్ని గాయకుని నోట విని ఆంగ్లీకరించినది. గాయకుడు చెప్పినది ఒకచోట, తన విశ్లేషణ మరొకచోట ఉంచడం దాని గుణం. విశ్లేషణతో ఏకీభవించనివారికి కూడా కథాభాగం ఉపకరిస్తుంది.

మునిగిన లోయ

పాత పుస్తకానికి ప్రత్యామ్నాయమే లేని సందర్భం నాగార్జునకొండ. 1926లో ఆ లోయలోని అవశేషాలు శాసనశాఖ దృష్టికి వచ్చాయి. ఫోగెల్ అక్కడి ప్రాకృత శాసనాలను ఎపిగ్రాఫియా ఇండికా ఇరవయ్యవ సంపుటంలో ప్రకటించాడు. లాంగ్‌హర్స్ట్ త్రవ్వకాల వివరాలు 1938లో నాగార్జునకొండ బౌద్ధావశేషాలన్న పేరుతో వెలువడ్డాయి. 1954–60 మధ్య విస్తృతంగా త్రవ్వకాలు జరిగిన తరువాత లోయ నాగార్జునసాగర జలాలలో మునిగిపోయింది. కొన్ని కట్టడాలను కొండమీదికి, అనుపు వద్దకు తరలించారు. మిగిలినవి ఎక్కడ, ఏ తీరున ఉండేవో తెలుసుకోవాలంటే పుస్తకమే శరణ్యం. చారిత్రక కాలానికి సంబంధించిన విపులనివేదిక సంపుటం 2006లో గాని వెలువడలేదు. అంతవరకు దశాబ్దాలపాటు జిజ్ఞాసువులకు ప్రధానాధారం పాత గ్రంథాలే.

బౌద్ధావశేషాలన్న శీర్షిక చూచి ఇది తమకు పనికిరాదనుకొన్న ఆస్తికులు ఒక గొప్ప సాక్ష్యాన్ని చేజార్చుకొన్నారు. ఫోగెల్ ప్రకటించిన శాసనాలలోనే ఇక్ష్వాకు ప్రభువు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం ఆచరించినవాడని, మహాసేనుని అనుగ్రహం పొందినవాడని స్పష్టంగా ఉన్నది. మహాచైత్యానికి స్తంభం నిలిపినది ఆయన సోదరి శాంతిశ్రీ. అన్న సోమయాజి, చెల్లెలు బౌద్ధోపాసిక. ఇరువురి కీర్తీ ఒకే శిలపై నిలిచింది. అనంతర త్రవ్వకాలలో పుష్పభద్రస్వామి, అష్టభుజస్వామి, కార్తికేయ ఆలయాలు కూడా బయల్పడ్డాయి. గ్రంథానికి శీర్షిక ముఖద్వారం మాత్రమే. లోపల ఏమున్నదో చూడక నిర్ణయించరాదు.

ఇందుకు ప్రతిగా, చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగం విజ్ఞానచంద్రికా మండలి ప్రచురణగా 1910లో వెలువడింది. అప్పటికి నాగార్జునకొండ శాసనాలు వెలుగు చూడలేదు. ఇక్ష్వాకులకు ప్రధానాధారం జగ్గయ్యపేట శాసనాలే. అందులో ఇక్ష్వాక చరిత్ర అసంపూర్ణంగా ఉండటం గ్రంథకర్త దోషం కాదు. దానిని నేటి నిర్ణయంగా గ్రహిస్తే మాత్రం దోషం పాఠకునిది. తెలుగులో తెలుగువారి చరిత్రను సమగ్రంగా చెప్పాలన్న సంకల్పానికి, ఆనాటి ఆధారాల పరిధికి నిదర్శనంగా అది నేటికీ చదవదగినదే.

పఠనక్రమం

పాత చరిత్రగ్రంథం చేపట్టినవారు పీఠికను ముందుగా, నిదానంగా చదవాలి. గ్రంథకర్త ఏది చూచాడో, ఏది విన్నాడో, ఏది ఊహించాడో తరచుగా అక్కడే చెప్పుకొంటాడు. తరువాత ముద్రణ సంవత్సరం చూచి, ఆనాటికి తెలియనివి ఏవో గుర్తించాలి. పిమ్మట ఎవరి పక్షాన వ్రాశాడో, ఎవరి మాట వినిపించలేదో విచారించాలి. పల్నాడు, పల్లవనాడు, పాలనాడు వంటి నామవ్యుత్పత్తులను, వంశమూలాల ఊహలను చివరకు ఉంచుకోవచ్చు. పాత గ్రంథాలలో తొందరగా జీర్ణించిపోయే భాగం అదే. ఊరిపేర్లు, గుడుల స్థితి, మాన్యాల లెక్కలు, శిలలున్న చోట్లు – నీరసంగా కనిపించే ఈ భాగమే చిరకాలం నిలుస్తుంది.

ఇట్టి విచారం వీరారాధనకు భంగకరమన్న భయం అవసరం లేదు. కారెంపూడిలో ఆయుధాలకు జరిగే అర్చన ఏ సంవత్సర నిర్ణయంపైనా ఆధారపడి లేదు. అది ఆచారపరంపరచేత సిద్ధం. యుద్ధసంవత్సరం పది సంవత్సరాలు అటో ఇటో మారినందువల్ల వీరులగుడిలో దీపం ఆరదు. భక్తిని చూపి కాలనిర్ణయం చేయబోవడం, కాలనిర్ణయం చూపి భక్తిని కొలవబోవడం, రెండూ అధికారం లేని చోట ప్రమాణాన్ని ప్రయోగించడమే.

పల్నాటి ఇండ్ల అటకలమీద, గ్రంథాలయాల మూలల్లో పాత ముద్రణలు పురుగుపాలవుతున్నాయి. పారవేయబోయే ముందు ఒక్కసారి తెరచి, ఇందులో మరెక్కడా దొరకని వాక్యం ఒక్కటైనా ఉన్నదా అని చూడటం కర్తవ్యం. ఉంటే, తక్కిన పుటలన్నీ తప్పులే అయినా ఆ పుస్తకం రక్షణీయం.

స్వస్తి.