వైకల్య అధ్యయనం: సినిమా పాఠాలు
వైకల్యాన్ని శరీర లోపంగానే కాక, సమాజం పెట్టే అడ్డంకులతో కలిపి చూసే అధ్యయనానికి సినిమాలు మంచి ఆధారాలు. తెలుగులో ముందుగా చెప్పుకోవలసింది సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ (1985). 1981 బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకుని, జైపూర్ కృత్రిమ కాలుతో మళ్లీ నాట్యమాడిన సుధా చంద్రన్ అందులో తన కథకు తానే నాయిక. ‘సిరివెన్నెల’ (1986)లో అంధ వేణుగాయకుడిగా, మూగ చిత్రకారిణిగా నటించినవారికి మాత్రం ఆ వైకల్యాలు లేవు. తరగతిలో చర్చ మొదలుపెట్టడానికి ఈ తేడా ఒక్కటే చాలు. గోదావరి పల్లె కథ ‘రంగస్థలం’ (2018) మరింత చిక్కైనది. అందులో నాయకుడు చిట్టిబాబు చెవుడు ముందు నవ్వులకు పనికొస్తుంది. అన్న చివరి మాటలు వినపడనప్పుడు అదే విషాదమవుతుంది. ఇలాంటి నవ్వులను తూచడానికి ఒక కొలమానం కూడా ఉంది: 2024 జులైలో సుప్రీంకోర్టు వైకల్యాన్ని కించపరిచే హాస్యాన్ని, అర్థం చేయించే హాస్యాన్ని వేరుచేసి చూపింది.