ఎర్రదీపం దగ్గర మలుపు: చమురు సంక్షోభం మిగిల్చిన చట్టం

1973 నవంబరులో అటల్ బిహారీ వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. పెట్రోలు ధర పెంపుపై అది ఆయన నిరసన. మన రాజకీయ చరిత్రలో ఆ సంక్షోభానికి గుర్తుగా ఆ దృశ్యం మిగిలింది. అమెరికాలో మిగిలిన గుర్తు వేరు. అది నేటికీ అక్కడి కూడళ్లలో అమలవుతూనే ఉంది. ఎర్రదీపం వెలుగుతుండగానే, బండిని పూర్తిగా ఆపి, చూసుకుని కుడివైపుకు తిరగవచ్చునన్న నిబంధన అది. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి కనుక, మన లెక్కలో దాన్ని ఎడమ మలుపుగా ఊహించుకోవాలి.

ఈ వెసులుబాటు పశ్చిమ రాష్ట్రాల్లో ముందునుంచే ఉంది. తూర్పు రాష్ట్రాలు చాలాకాలం దాన్ని దగ్గరకు రానీయలేదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పీపా ధర కొద్ది నెలల్లోనే సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపులకు ఎగబాకింది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఊరికే తిరుగుతూ తాగే పెట్రోలు కూడా జాతీయ సమస్య అయింది. 1975 డిసెంబరు 22న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఇంధన విధాన, పరిరక్షణ చట్టంపై సంతకం చేశారు. వ్యూహాత్మక చమురు నిల్వలు, కార్ల మైలేజీ ప్రమాణాలు వంటి పెద్ద విషయాల నడుమ ఈ చిన్న మలుపు కూడా అందులో చోటు సంపాదించుకుంది.

అయితే రోడ్డు నిబంధనలు అక్కడ రాష్ట్రాల అధికారం. అందుచేత వాషింగ్టన్ నేరుగా ఆజ్ఞాపించలేదు. ఇంధన పొదుపు కార్యక్రమాలకు ఫెడరల్ సాయం కావాలంటే రాష్ట్ర ప్రణాళికలో ఈ అనుమతి కూడా ఉండాలని షరతు పెట్టింది. కేంద్ర ప్రాయోజిత పథకాల షరతులు ఎరిగిన మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దారికొచ్చాయి. చిట్టచివరగా 1980 జనవరి 1న మసాచుసెట్స్ లొంగింది. లొంగుతూనే బోస్టన్‌లో చాలా కూడళ్ల దగ్గర ఎర్రదీపం ఉండగా తిరగరాదన్న బోర్డులు పెట్టుకుంది. న్యూయార్క్ నగరమైతే, ప్రత్యేకంగా బోర్డు పెట్టి అనుమతించిన చోట్ల తప్ప, ఈనాటికీ ఈ మలుపును ఒప్పుకోదు.

భద్రతను చట్టం విస్మరించిందని అనలేం. భద్రతకు భంగం కలగనంత మేరకే అనుమతించాలని అందులోనే ఉంది. కానీ ఆ మేర ఎంతో ఎవరు కొలవాలి? కొలతలు తరువాత వచ్చాయి. అనుమతి అమల్లోకి వచ్చాక కుడివైపు తిరిగే వాహనాలు పాదచారులను ఢీకొన్న ప్రమాదాలు, పరిశీలించిన ప్రాంతాల్లో 43 నుంచి 107 శాతం వరకు పెరిగాయని 1982 నాటి ఒక అధ్యయనం తేల్చింది. కారణం కూడా చెప్పింది. మలుపు తిరగబోయే డ్రైవరు ఎడమవైపు నుంచి వచ్చే వాహనాల మధ్య సందు కోసం చూస్తుంటాడు. మనిషి కుడివైపు నుంచి రోడ్డు దాటుతుంటాడు. తనకు దారి ఉందని నమ్మి అడుగు వేసిన మనిషి, ఆ డ్రైవరు చూపులోనే ఉండడు. పొదుపైన పెట్రోలు వాహనదారుడి ఖాతాలో పడింది. దాని ఖర్చు కాలినడకన వెళ్లేవాడి ఖాతాలో పడింది.

దీన్ని పెట్టుబడిదారీ దేశపు కారు మోజుగా మాత్రమే చూస్తే పొరబడతాం. 1978లో కమ్యూనిస్టు తూర్పు జర్మనీ కూడా ఇదే చేసింది. ఎర్రదీపం పక్కన ఆకుపచ్చ బాణం గుర్తున్న పలక తగిలించింది. 1990లో ఆ దేశమే లేకుండా పోయింది, దాని చట్టాల్లో అధికభాగం పోయాయి. పలక మాత్రం నిలిచింది. 1994లో ఏకీకృత జర్మనీ దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. అటు అమెరికాలో గాలి మారుతోంది. ఆ షరతు పుట్టిన వాషింగ్టన్ నగరంలోనే, 2022లో నగర కౌన్సిల్ ఈ మలుపును నిషేధించే చట్టాన్ని ఆమోదించింది.

అక్కడి నిబంధనలో, అది ఎంత బలహీనపడినా, ‘ముందు ఆగు’ అన్న మాట ఒకటి ఉంది. మన కూడళ్లలోని ‘ఫ్రీ లెఫ్ట్’ బోర్డు చెవికి అదీ వినిపించదు. బోర్డు ఉన్నచోట ఎడమ దారి సిగ్నల్‌తో నిమిత్తం లేకుండా పారుతూనే ఉండాలని వాహనదారుల నమ్మకం. అక్కడ ఒక్క క్షణం ఆగినవాడికి వెనుక నుంచి హారన్ల మోతే. ఆ ప్రవాహానికి అడ్డంగా నడిచి దాటవలసిన మనిషికి ఏ రంగు దీపమూ లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 32,800 మంది పాదచారులు. ఎందరు ఇటువంటి మలుపుల దగ్గర పోయారో ఆ లెక్కలోంచి తేల్చలేం.

అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ మొదలుపెడుతూ జరిమానాలు ప్రకటించారు. స్టాప్ లైన్ దాటితే రూ.100. పాదచారుల దారికి అడ్డంగా బండి నిలిపితే రూ.600. ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డుపడితే రూ.1,000.